బంగారు నిక్షేపం చుట్టూ శిల ఎలా మారింది? రసాయన విశ్లేషణతో హైడ్రోథర్మల్ మార్పును చదివే పద్ధతి

బంగారం కోసం వెతికేవారి చూపు ముందుగా నమూనాలో బంగారం ఎంత ఉందన్న అంకె మీదికే పోతుంది. నిక్షేపానికి దగ్గరలో ఉన్నామా, దూరంగా ఉన్నామా అన్నది చెప్పడంలో మాత్రం ఆ అంకె చాలాసార్లు పనికిరాదు. బంగారం శిలలో సమంగా పరచుకోదు. చిన్న రేణువులుగా, సన్నని సిరల్లో (శిల పగుళ్లలో ఖనిజాలు నిండిన చారల్లో), అక్కడక్కడ గుమిగూడి ఉంటుంది కాబట్టి ధనిక మండలానికి రెండడుగుల దూరంలో తీసిన ముక్క కూడా సున్నా చూపవచ్చు. ఆ బంగారాన్ని మోసుకొచ్చిన వేడి నీటి (హైడ్రోథర్మల్) ద్రావణం అలా కాదు. అది చుట్టూ ఉన్న శిలతో చర్య జరిపి, కొన్ని మూలకాలను చేర్చి, కొన్నింటిని తీసుకుపోయి, బంగారం ఉన్న మేరకంటే ఎన్నో రెట్లు విశాలమైన ముద్రను వదిలిపెడుతుంది. ఆ ముద్రను రసాయన విశ్లేషణ అంకెల నుంచి ఎలా రాబట్టాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను. ఉదాహరణలు ప్రధానంగా ఒరోజెనిక్ తరహా నిక్షేపాలవి, అంటే పర్వత నిర్మాణ కాలంలో షియర్ జోన్ల (శిలలు ఒరుసుకుని జారిన మండలాల) వెంట, ముఖ్యంగా బసాల్టు వంటి శిలల్లో ఏర్పడినవి.

ముందు ద్రావణం స్వభావం తెలియాలి. ఏ మూలకాన్ని ఎందుకు కొలుస్తున్నామో దానినిబట్టే అర్థమవుతుంది. ఈ తరహా నిక్షేపాల్లో ద్రావణం సాధారణంగా 250 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, తక్కువ ఉప్పదనంతో, నీటితోపాటు కార్బన్ డయాక్సైడ్‌ను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను కలిగి ఉంటుంది. బంగారం అందులో ప్రధానంగా బైసల్ఫైడ్ సంశ్లిష్టంగా (గంధకంతో బంధం కట్టి) కరిగి ప్రయాణిస్తుంది. ద్రావణం ఇనుము ఎక్కువగా ఉన్న శిలలోకి చొరబడినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్‌లోని గంధకం ఇనుముతో కలిసి పైరైట్‌ అనే సల్ఫైడ్ ఖనిజంగా మారుతుంది. గంధకం ఖర్చయ్యేసరికి బంగారాన్ని పట్టి ఉంచే బంధం సడలి అది అక్కడే దిగబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ కాల్షియం, మెగ్నీషియం, ఇనుములతో కలిసి కార్బొనేట్ ఖనిజాలను, పొటాషియం అల్యూమినియంతో కలిసి సెరిసైట్ అనే సన్నని తెల్ల అభ్రకాన్ని ఏర్పరుస్తాయి. కార్బొనేట్ ఏర్పడటం, పొటాషియం చేరడం, గంధకం చేరడం అనే ఈ మూడు చర్యలూ వేర్వేరు దూరాలకు వ్యాపిస్తాయి. మూడింటినీ కలిపి ఒకే సూచీగా చేయకుండా విడివిడిగా కొలవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మొదటి దశ: రాయిని కళ్లతో చదవండి

అంకెల కంటే ముందు డ్రిల్ కోర్‌ను (బోరు నుంచి తీసిన రాతి కడ్డీని), సూక్ష్మదర్శినితో చూసే పలుచని శిలాఛేదాలను చూడండి. గ్రీన్‌షిస్ట్ స్థాయి (ఓ మోస్తరు వేడి, ఒత్తిడిలో జరిగే) రూపాంతరం చెందిన బసాల్టుల్లో నిక్షేపానికి దూరంగా క్లోరైట్ (ఆకుపచ్చ సిలికేట్ ఖనిజం)–కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్) మండలం, ఇంకాస్త దగ్గరగా క్లోరైట్‌తో కలిసిన యాంకరైట్ లేదా డోలమైట్ (కాల్షియంతోపాటు ఇనుము, మెగ్నీషియం ఉండే కార్బొనేట్లు) మండలం, సిరను ఆనుకుని యాంకరైట్–సెరిసైట్–పైరైట్ మండలం కనిపించడం మామూలు. కొన్నిచోట్ల సెరిసైట్‌కు తోడుగా గానీ, బదులుగా గానీ ఆల్బైట్ (సోడియం ఫెల్డ్‌స్పార్) ఉంటుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ చురుగ్గా పొంగుతుంది. యాంకరైట్ పొడి చేస్తే తప్ప అంతగా స్పందించదు. అలిజరిన్ రెడ్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపిన రంజకంతో కోసిన ముఖాన్ని తడిపితే ఇనుము లేని కాల్సైట్ ఎర్రగా, ఇనుమున్న డోలమైట్ జాతి నీలంగా మారుతుంది. ఈ పరిశీలనలను నమూనా సంఖ్యతో సహా రాసిపెట్టుకోండి. చివర్లో మీ లెక్కలు నిజమో కాదో తేల్చేది ఈ పట్టికే.

రెండవ దశ: నమూనాలను ఎంచుకోండి

బంగారం పరీక్షకు తీసిన మీటరు పొడవు నమూనాలనే ఈ పనికీ వాడుకుందామన్న ఆలోచన సహజమే కానీ, మీటరు పొడవులో సిర, సిర పక్క శిల, ఒక్కోసారి రెండు వేర్వేరు శిలలు కలిసిపోతాయి. శిల మారిన తీరు తెలియాలంటే ఒకే జాతి శిల నుంచి, సిరలను మినహాయించి, 20–30 సెంటీమీటర్ల సగం కోర్ ముక్కలను తీయండి. సిరను విశ్లేషించాల్సి వస్తే దానిని వేరే నమూనాగా పంపండి. నమూనాల వరుస ధనిక మండలం నుంచి మొదలై, మార్పు కంటికి కనిపించని దూరం దాటాక కూడా కొంతవరకు సాగాలి. సిర దగ్గర అంతరం తక్కువగా, దూరం పోయేకొద్దీ ఎక్కువగా ఉంచవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది చిన్నచూపు చూసేది, మార్పు చెందని శిల నమూనా. తర్వాతి లెక్క మొత్తం దానితో పోలికే. ఒకే ఒక్క ముక్కను ఆధారం చేసుకోకుండా ఆ శిలకే చెందిన, అతి తక్కువగా మారిన నమూనాలను పలుచోట్ల నుంచి తీసి, వాటి మధ్యగత విలువను వాడండి. ప్రాంతీయ రూపాంతరమే కొంత నీటిని, కొద్దిగా కార్బన్ డయాక్సైడ్‌ను శిలకు చేర్చి ఉంటుంది కాబట్టి పూర్తిగా స్వచ్ఛమైన బసాల్టు దొరకదు, దొరకనవసరమూ లేదు. వాతావరణ ప్రభావంతో కుళ్లిన రాయిని మాత్రం పక్కన పెట్టండి. అందులో కాల్షియం, సోడియం, కార్బొనేట్, పైరైట్ అన్నీ కొట్టుకుపోయి, మనకు కావలసిన ఆనవాళ్లే చెరిగిపోయి ఉంటాయి.

మూడవ దశ: ప్రయోగశాలను ఏం అడగాలి

ఏ ఒక్క పద్ధతీ అన్ని మూలకాలకూ సరిపోదు. ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) సల్ఫైడ్లను, కార్బొనేట్లను కరిగిస్తుంది గానీ సిలికేట్ ఖనిజాలను పూర్తిగా కరిగించదు. దానితో వచ్చిన పొటాషియం, అల్యూమినియం విలువలతో ఇక్కడి లెక్కలు చేయకూడదు. నాలుగు ఆమ్లాల పద్ధతి చాలా ఖనిజాలను కరిగించినా జిర్కాన్ వంటి మొండి ఖనిజాలను సగంలోనే వదిలేస్తుంది కాబట్టి జిర్కోనియం తక్కువగా తేలుతుంది. ప్రధాన మూలకాలు, టైటానియం, జిర్కోనియం, విరళ మృత్తికా మూలకాల కోసం లిథియం బోరేట్‌తో కరిగించి ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్-కిరణాల) లేదా ఐసీపీ (ప్లాస్మా) యంత్రంతో కొలిచే పద్ధతిని కోరండి. ఆర్సెనిక్, యాంటిమొనీ వంటివి ఆ వేడికి ఆవిరయ్యే ప్రమాదం ఉంది గనుక వాటికి ఆమ్ల పద్ధతి వేరుగా కావాలి. బంగారానికి 30 లేదా 50 గ్రాముల ఫైర్ అస్సే (కొలిమిలో సీసంతో కరిగించి బంగారాన్ని వేరుచేసే పరీక్ష) వాడతారు.

కార్బన్ డయాక్సైడ్‌ను, గంధకాన్ని దహన–పరారుణ పద్ధతిలో (నమూనాను కాల్చి, వెలువడే వాయువును పరారుణ కాంతితో కొలిచి) విడిగా కొలిపించండి. ఖర్చు తగ్గించుకోవడానికి దహననష్టం (కాల్చినప్పుడు తగ్గే బరువు) విలువతోనే సరిపెట్టుకునేవారున్నారు. అయితే ఆ అంకెలో నీరు, కార్బన్ డయాక్సైడ్, గంధకం కలిసిపోతాయి. పైగా వేడికి ఫెర్రస్ ఇనుము ఆక్సీకరణం చెంది బరువు పెరగడంవల్ల అసలు నష్టంలో కొంత కప్పబడిపోతుంది.

పొడి చేసే పాత్ర ఏ పదార్థంతో చేసిందో కూడా అడిగి తెలుసుకోండి. టంగ్‌స్టన్ కార్బైడ్ పాత్ర టంగ్‌స్టన్‌ను, కోబాల్ట్‌ను, ఉక్కు పాత్ర ఇనుమును, క్రోమియంను, జిర్కోనియా పాత్ర జిర్కోనియంను నమూనాలో కలుపుతాయి. టంగ్‌స్టన్ మన వెతుకులాటకు ఆనవాలు, జిర్కోనియం మన లెక్కకు ఆధారం. రెండూ పాత్ర నుంచే వస్తే మిగతా శ్రమంతా వృథా. విలువ ముందే తెలిసిన ప్రామాణిక నమూనాలు, ఖాళీ నమూనాలైన బ్లాంక్‌లు, డూప్లికేట్‌లు ప్రతి విడతలోనూ ఉండాలని వేరే చెప్పనక్కరలేదు.

ఫలితాలు అందాక ఆక్సైడ్లు, కార్బన్ డయాక్సైడ్, నీరు, గంధకం కలిపి మొత్తం 100కు దగ్గరగా వస్తోందో లేదో చూడండి. 98 కంటే తక్కువో 102 కంటే ఎక్కువో వస్తే ఆ నమూనాను మళ్లీ పరీక్షింపజేయండి.

నాలుగవ దశ: మూల శిలను తేల్చండి

బాగా మారిన రాయి మొదట ఏ శిలో కంటితో చెప్పడం కష్టం. టైటానియం, అల్యూమినియం, జిర్కోనియం, నియోబియం వంటి మూలకాలు ఈ తరహా ద్రావణాల్లో దాదాపు కదలవు. శిలలోకి వేరే పదార్థం వచ్చి చేరినా, ఉన్నది పోయినా వాటి మధ్య నిష్పత్తి మారదు. జిర్కోనియంను అడ్డంగా, టైటానియం డయాక్సైడ్‌ను నిలువుగా పెట్టి గ్రాఫు గీయండి. ఒకే సజాతీయ శిల నుంచి వచ్చిన నమూనాలు మూలబిందువు గుండా పోయే ఒకే సరళరేఖపై పడతాయి. పదార్థం చేరిన నమూనాలు రేఖ వెంట మూలబిందువు వైపు, పదార్థం కోల్పోయినవి దానికి దూరంగా జరుగుతాయి. రెండు రేఖలు కనిపిస్తే మీ దగ్గర రెండు శిలలున్నాయన్నమాట. వాటిని విడదీయకుండా ముందుకు వెళ్లవద్దు. లావా ప్రవాహంలోనే శిలాద్రవ భేదనం వల్ల కూర్పు మారుతూ వచ్చిన సందర్భంలో మార్పు చెందని నమూనాలే ఒక వక్రరేఖగా ఏర్పడతాయి. అప్పుడు ప్రతి మారిన నమూనా నుంచీ మూలబిందువుకు గీత గీసి, అది ఆ వక్రాన్ని ఖండించిన చోట ఉన్న కూర్పునే దాని మూల శిలగా తీసుకోవాలి.

అల్యూమినియం కదలదన్న నమ్మకాన్ని ప్రతిచోటా పరీక్షించండి. తీవ్రమైన ఆమ్ల ద్రావణాలు శిలను తొలిచేసిన హై సల్ఫిడేషన్ ఎపిథర్మల్ (భూమి ఉపరితలానికి దగ్గరలో ఏర్పడే) నిక్షేపాల్లో అల్యూమినియం కూడా కడిగివేయబడుతుంది.

ఐదవ దశ: చేరినదెంత, పోయినదెంత

విశ్లేషణ పట్టికలోని శాతాలను నేరుగా పోల్చడం ఈ రంగంలో అతి సాధారణంగా జరిగే పొరపాటు. అన్ని ఆక్సైడ్ల మొత్తం ఎప్పుడూ 100 కావాలి కాబట్టి ఒకటి చేరితే మిగతావన్నీ తగ్గినట్టు కనిపిస్తాయి. తరగతిలో కొత్త విద్యార్థులు చేరినప్పుడు పాతవారి శాతం తగ్గుతుంది గానీ వారిలో ఎవరూ బడి మానలేదు. శిలలో సిలికా విషయమూ అంతే. ఈ చిక్కును విప్పే సమీకరణాలను గ్రెసెన్స్ 1967లో ప్రతిపాదించగా, వాటిని సులువైన గ్రాఫు రూపంలోకి గ్రాంట్ 1986లో తెచ్చారు. ఐసోకాన్ పద్ధతి అంటే అదే. లెక్క సారాంశం చిన్నది: మూల శిలలో కదలని మూలకం విలువను మారిన శిలలోని విలువతో భాగించి, వచ్చిన గుణకంతో మారిన శిలలోని ప్రతి మూలకాన్నీ గుణించి, అందులోంచి మూల శిల విలువను తీసివేయాలి.

అభ్యాసం కోసం కల్పించిన ఒక జతను తీసుకుందాం. మూల బసాల్టులో సిలికా 50.0, టైటానియం డయాక్సైడ్ 1.00, అల్యూమినా 14.0, మొత్తం ఇనుము ఫెర్రిక్ ఆక్సైడ్‌గా 13.0, మెగ్నీషియం ఆక్సైడ్ 7.0, కాల్షియం ఆక్సైడ్ 10.0, సోడియం ఆక్సైడ్ 2.5, పొటాషియం ఆక్సైడ్ 0.2, కార్బన్ డయాక్సైడ్ 0.3, గంధకం 0.1 శాతం, జిర్కోనియం 60 పీపీఎం (పది లక్షల్లో 60 వంతులు). సిర పక్కన ఉన్న శిలలో అవే వరుసగా 42.5, 0.85, 11.9, 11.0, 5.9, 8.5, 1.0, 2.5, 13.0, 1.5 శాతం, జిర్కోనియం 51 పీపీఎం. మిగిలిన కొద్ది భాగం నీరు.

టైటానియం, అల్యూమినియం, జిర్కోనియం మూడూ సరిగ్గా 0.85 వంతుకు తగ్గాయి. మూడూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి అవి కదలలేదని, గుణకం 1.176 అని, అంటే శిల ద్రవ్యరాశి 17.6 శాతం పెరిగిందని తేలుతుంది. ఇప్పుడు సిలికాను చూడండి: పట్టికలో 7.5 శాతం పడిపోయినట్టున్న సిలికా 42.5ను గుణకంతో గుణిస్తే 50.0 వస్తుంది. సిలికా కదలనే లేదు. కాల్షియం ఆక్సైడ్ కూడా 10.0కే చేరింది, కార్బొనేట్‌లోని కాల్షియం బయటి నుంచి రాలేదని, శిలలో ఉన్నదే కొత్త ఖనిజంలోకి మారిందని దీని అర్థం. మెగ్నీషియం, ఇనుము దాదాపు యథాతథం. ప్రతి 100 గ్రాముల మూల శిలకు కార్బన్ డయాక్సైడ్ 15.0 గ్రాములు, పొటాషియం ఆక్సైడ్ 2.7 గ్రాములు, గంధకం 1.7 గ్రాములు వచ్చి చేరాయి. సోడియం ఆక్సైడ్ 1.3 గ్రాములు, కొద్దిగా నీరు పోయాయి. పట్టికను పైపైన చూస్తే ఆరేడు మూలకాలు కదిలినట్టు కనిపించిన చోట, ఈ చిన్న లెక్క తర్వాత మిగిలింది ద్రావణం నిజంగా చేసిన పనే.

నిజమైన నమూనాల్లో ఆ మూడు మూలకాల గుణకాలు ఇంత చక్కగా ఏకీభవించవు. అయిదారు శాతం తేడా విశ్లేషణ దోషంలో కలిసిపోతుంది. ఇరవై శాతం తేడా వస్తే మూల శిలను తప్పుగా ఎంచుకున్నారేమో చూసుకోండి. ఇక్కడ కొలిచింది ద్రవ్యరాశి మార్పును మాత్రమే. ఘనపరిమాణం మార్పు కావాలంటే రెండు శిలల సాంద్రతలూ కావాలి.

ఆరవ దశ: అంకెలను ఖనిజాలుగా మార్చండి

వందల నమూనాలున్నప్పుడు మోలార్ నిష్పత్తులు (బరువుకు బదులు మోల్‌ల లెక్కలో తీసినవి) అన్నిటికంటే అక్కరకొస్తాయి. ఒక నిష్పత్తిలో లవం, హారం రెండూ ఒకే నమూనాలోవే కాబట్టి 100 శాతం చిక్కు వాటిని అంటదు. పొటాషియం ఆక్సైడ్ శాతాన్ని 47.1తో, అల్యూమినాను 50.98తో, సోడియం ఆక్సైడ్‌ను 30.99తో, కాల్షియం ఆక్సైడ్‌ను 56.08తో, కార్బన్ డయాక్సైడ్‌ను 44.01తో, గంధకాన్ని 32.06తో భాగిస్తే ఆయా మూలకాల లేదా అణువుల మోల్‌లు వస్తాయి. మొత్తం ఇనుము ఫెర్రిక్ ఆక్సైడ్‌గా ఉంటే ముందు 0.9తో గుణించి, తర్వాత 71.84తో భాగించండి.

కార్బన్ డయాక్సైడ్‌కు, కాల్షియంకు మధ్య నిష్పత్తి 1 వరకు ఉంటే కాల్సైట్ ఒక్కటే ఉండవచ్చు. 2కు దగ్గరైతే కాల్షియం అంతా యాంకరైట్ లేదా డోలమైట్‌లో చేరినట్టు. 2 దాటితే సిడరైట్, మాగ్నసైట్ (ఇనుము, మెగ్నీషియం కార్బొనేట్లు) వంటివి కూడా ఏర్పడినట్టు. పొటాషియం–అల్యూమినియం నిష్పత్తి సెరిసైట్‌లో 0.33, పొటాషియం ఫెల్డ్‌స్పార్‌లో 1. సోడియం–అల్యూమినియం నిష్పత్తి ఆల్బైట్‌లో 1. పొటాషియం నిష్పత్తిని మూడుతో గుణిస్తే అల్యూమినియంలో ఎన్నో వంతు సెరిసైట్‌గా మారిందో స్థూలంగా తెలుస్తుంది. కెనడాలోని ఆంటారియోలో ఉన్న కెర్-అడిసన్ గనిపై 1987లో వెలువడిన అధ్యయనం ఈ తరహా సంతృప్త సూచీలకు (ఒక మూలకం ఎంతమేరకు కొత్త ఖనిజంలోకి మారిందో చెప్పే నిష్పత్తులకు) మంచి ఉదాహరణ.

మన కల్పిత శిలకు ఇవి లెక్కిస్తే కార్బన్ డయాక్సైడ్–కాల్షియం నిష్పత్తి 0.04 నుంచి 1.95కు, మూడింతల పొటాషియం–అల్యూమినియం నిష్పత్తి 0.05 నుంచి 0.68కి పెరిగాయి, సోడియం–అల్యూమినియం నిష్పత్తి 0.29 నుంచి 0.14కు తగ్గింది. అంటే కాల్షియం దాదాపు అంతా యాంకరైట్‌లో, అల్యూమినియంలో మూడింట రెండు వంతులు సెరిసైట్‌లో, ఏడో వంతు ఆల్బైట్‌లో, మిగిలింది క్లోరైట్‌లో ఉన్నాయి. గంధకం మోల్‌లలో సగాన్ని ఇనుము మోల్‌లతో భాగిస్తే ఇనుములో 17 శాతం పైరైట్‌గా మారిందని తెలుస్తుంది. బంగారం దిగబడటానికి నేరుగా కారణమైన చర్య ఎంతవరకు జరిగిందో చెప్పే అంకె ఇదే కనుక, నేనైతే దీనికి మిగతావాటికంటే ఎక్కువ విలువిస్తాను.

ఒకే నిష్పత్తి రెండు ఖనిజాలకు సరిపోయే సందర్భాలున్నాయని మరచిపోవద్దు. నల్ల అభ్రకమైన బయొటైట్‌లోనూ పొటాషియం–అల్యూమినియం నిష్పత్తి 1కి చేరగలదు. అల్యునైట్ అనే సల్ఫేట్ ఖనిజంలో అది సెరిసైట్ లాగే 0.33. మొదటి దశలో రాసుకున్న పట్టిక ఇక్కడ అక్కరకొస్తుంది. అలాగే జపాన్‌లోని కురోకో (సముద్రగర్భంలో ఏర్పడిన సల్ఫైడ్) నిక్షేపాల కోసం 1976లో వచ్చిన ఇషికావా మార్పు సూచీని బంగారు నిక్షేపాలకు యథాతథంగా వాడకండి. అందులో కాల్షియం హారంలో ఉంటుంది కాబట్టి కార్బొనేట్ బాగా ఉన్న శిల అంతగా మారనట్టు కనిపిస్తుంది.

ఏడవ దశ: సూక్ష్మ మూలకాలను జోడించండి

ఆర్సెనిక్, యాంటిమొనీ, టంగ్‌స్టన్, టెల్లూరియం, బిస్మత్ ఒరోజెనిక్ నిక్షేపాలకు పరిచిత ఆనవాళ్లు. అన్నీ అన్ని చోట్లా ఉండవు. రుబిడియం, సీసియం, బేరియం పొటాషియంతోపాటు సెరిసైట్‌లో చేరతాయి. వీటి విలువలు కొన్ని పీపీఎం నుంచి వేల పీపీఎం దాకా మారుతూ ఉంటాయి కాబట్టి లాగరిథం తీసుకున్నాకే పోల్చండి. నేపథ్య విలువను శిలనుబట్టి నిర్ణయించాలి: బసాల్టులో అసాధారణమనిపించే ఆర్సెనిక్ నల్లని షేల్‌లో మామూలు కావచ్చు.

ఎనిమిదవ దశ: దూరంతో ముడిపెట్టండి

ప్రతి బోరు వెంట ఆరవ దశలో లెక్కించిన కార్బొనేట్, పొటాషియం, గంధకం సూచీలను (నిష్పత్తులను), ఆర్సెనిక్‌ను, బంగారాన్ని పక్కపక్కన గీయండి. సాధారణంగా కార్బొనేట్ మార్పు అన్నిటికంటే విశాలంగా, పెద్ద నిక్షేపాల చుట్టూ వందల మీటర్ల దాకా సాగుతుంది. పొటాషియం అంతకంటే ఇరుకుగా, గంధకం ఇంకా ఇరుకుగా సిరను అంటిపెట్టుకుని ఉంటుంది. కార్బొనేట్ సూచీ ఎక్కువగా ఉండి మిగతా రెండూ నేపథ్యంలోనే ఉన్న బోరును వట్టిదని కొట్టిపారేయకుండా, ఏ దిశలో పొటాషియం పెరుగుతోందో చూసి తర్వాతి బోరును అటు జరపండి.

శిల మారితే ఈ వరుస కూడా మారుతుంది. అల్ట్రామాఫిక్ (మెగ్నీషియం చాలా ఎక్కువగా ఉన్న) శిలల్లో టాల్క్–కార్బొనేట్, క్రోమియం ఉన్న ఆకుపచ్చ అభ్రకం కనిపిస్తాయి. పట్టీల ఇనుప శిలల్లో మాగ్నటైట్ (ఇనుప ఆక్సైడ్) సల్ఫైడ్‌గా మారడమే ప్రధాన చర్య కాబట్టి గంధకం–ఇనుము నిష్పత్తినే నమ్ముకోవాలి. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న కార్లిన్ తరహా నిక్షేపాల్లో ఆమ్ల ద్రావణం సున్నపురాతిని కరిగించడంతో కార్బన్ డయాక్సైడ్, కాల్షియం చేరే బదులు పోతాయి. అక్కడ తగ్గుదలే ఆనవాలు.

చివరగా, గ్రాఫుల్లో ఏ మండలంలోనూ ఇమడని నమూనాలను విడిగా తీసి, వాటి శిలాఛేదాలను మళ్లీ చూడండి. పొటాషియం ఎక్కువగా ఉండి కార్బన్ డయాక్సైడ్, గంధకం, ఆర్సెనిక్ మూడూ నేపథ్యంలోనే ఉంటే అది బంగారు ద్రావణం పని కాకపోవచ్చు. లావా సముద్రగర్భంలో ఉన్నప్పుడే సముద్రజలంతో జరిగిన పాత మార్పు కావచ్చు. అలాంటివాటిని సగటుల్లో కలపకుండా, పటంలో వేరే గుర్తుతో చూపండి.